సంతకం మీద స్టాంపు

2021 వానాకాలం. కరోనా రెండో విడత సద్దుమణిగి, విజయవాడ వన్ టౌన్‌లో కొట్ల షట్టర్లు మళ్లీ పూర్తిగా లేచిన రోజులవి. అప్పటికి నేను ఒక క్రెడిట్ సొసైటీకి డైలీ కలెక్షన్ ఏజెంటుగా పద్నాలుగేళ్ల నుంచి పనిచేస్తున్నాను. ఆ సొసైటీ పేరు ఇక్కడ రాయను. అందులో మంచివాళ్లు కూడా ఉద్యోగం చేసుకుంటున్నారు.

డైలీ కలెక్షన్ అంటే తెలియని వాళ్ల కోసం చెబుతాను. బ్యాంకుకు వెళ్లే తీరిక లేని చిన్న వ్యాపారుల దగ్గరికి ఏజెంటే రోజూ వెళ్లి, యాభయ్యో వందో తీసుకుని, కార్డు మీద రాసి సంతకం చేయాలి. ఏడాది తిరిగేసరికి పోగైన మొత్తాన్ని చాలామంది ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా మార్చుకుంటారు. దానికి సొసైటీ ఇచ్చే కాగితాన్ని మేము బాండు అంటాం. నేను బళ్లో చదివింది మూడో తరగతి వరకే. మిగతా చదువంతా పొట్లాలు కట్టిన పేపర్లు విప్పి చదువుకున్నదే. ఆ ఉద్యోగానికి అది సరిపోయింది.

నాకు కొన్ని కట్టుబాట్లు ఉండేవి. ఆటో ఎక్కేదాన్ని కాదు. ఒక రోజు కట్టకపోతే రెండో రోజు తిట్టేదాన్ని. ఎవరి కొట్లోనూ టీ తాగేదాన్ని కాదు. టీ తాగిన చోట గట్టిగా అడగడానికి నోరు రాదు.

ఇంకో అలవాటు కూడా ఉండేది. ఈ కథంతా దాని గురించే.

గడువు తీరిన బాండు మీద డబ్బు తీసుకునేటప్పుడు దాని వెనక రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి, కొంత స్టాంపు మీద, కొంత కాగితం మీద పడేలా సంతకం చేయాలి. దాన్ని డిశ్చార్జి అంటారు. డబ్బు ముట్టింది అని దాని అర్థం. మా సొసైటీలో ఆ స్టాంపుల ఖర్చు ఏజెంటే పెట్టుకోవాలి. ఒక ఏడాది పదకొండు బాండ్లకు స్టాంపులు అంటించి, సంతకాలు పెట్టించి ఇస్తే, పేర్లు సరిగా లేవని అన్నీ తిప్పి పంపారు. పదకొండు రూపాయలు నేలపాలు. అప్పటి నుంచి నేనొక పద్ధతి పెట్టుకున్నాను. సంతకం సరిపోల్చుకోవడానికి బాండు ముందే ఆఫీసులో ఇవ్వాలి కాబట్టి, ఖాతాదారు కొట్టు దగ్గరే స్టాంపు లేకుండా ఒక సంతకం పెట్టించి తీసుకెళ్లేదాన్ని. డబ్బు ఇచ్చే రోజు ఖాతాదారు వచ్చి కౌంటరు ముందు నిలబడ్డాక, పక్కన స్టాంపు అంటించి, దాని మీదుగా రెండో సంతకం పెట్టించేదాన్ని. ఖాతాదారుకు ఒక తిరుగుడు తప్పేది, నాకు స్టాంపు వృథా అయ్యేది కాదు. నిబంధన ప్రకారం ఇది తప్పు. తెలిసే చేశాను.

ఇక నాగరత్నం సంగతి. బట్టల కొట్ల సందు మొదట్లో ఇడ్లీ బండి ఆమెది. పుట్టిల్లు చల్లపల్లి వైపు, మగ్గం నేసే కుటుంబం. భర్త ట్రాలీ ఆటో నడుపుతాడు. రోజూ వంద రూపాయలు కట్టేది. వానకు బండి పెట్టని రోజు కూడా గొడుగేసుకుని వచ్చి, సందు మొదట్లో నా కోసం నిలబడేది. నా చేత ఒక్కసారి కూడా తిట్టించుకోని ఖాతాదారు ఆమె ఒక్కతే.

ఆ వానాకాలంలో ఆమె బాండ్లు ఎనిమిది ఒకేసారి గడువు తీరాయి. ఇరవై వేల లోపైతే నగదుగా ఇవ్వడం సులువని మేనేజరు అందరి డబ్బూ అలా చిన్న చిన్న బాండ్లు చేయించేవారు. ఎనిమిదీ కలిపి వడ్డీతో లక్షా యాభై మూడు వేలు.

"పిన్నిగారూ, ఈసారి రెన్యువల్ వద్దండి" అంది నాగరత్నం. "సందు లోపల టైలరు గది ఖాళీ చేస్తున్నాడు. షట్టరు ఉంది, కుళాయి ఉంది. ఓనరు లక్షన్నర అడ్వాన్సు అడిగాడు. నెల రోజులు ఆగుతానన్నాడు."

పదిహేనేళ్లుగా ఆమె బండి ఎండలోనే, వానలోనే. రోడ్డు మీద బళ్లు తీయించేవాళ్లు వచ్చినప్పుడల్లా మరిగే సాంబారు గిన్నె పట్టుకుని పరుగు. ఆ గది ఆమెకు ఎంత అవసరమో నేను రోజూ చూస్తున్నదే.

"ఇన్నాళ్లు నేను చెబితే వేశావు. ఇప్పుడు నువ్వు చెబితే తీయిస్తాను. సంతకాలు పెట్టు. పెద్దగా రాయకు, పక్కన ఇంకోదానికి చోటు కావాలి."

"నాకు చిన్నగా రాయడం రాదండి."

నిజమే. రాత్రి బడిలో నేర్చుకున్న చేయి. పేరు రాస్తే కాగితం ఈ చివర నుంచి ఆ చివరకు పోయేది. ఎనిమిది బాండ్ల మీద అలాగే రాసింది. నేను తీసుకెళ్లి మేనేజరు చేతికిచ్చాను. రసీదు అడగలేదు. అంతకుముందు కూడా ఎప్పుడూ అడిగిందాన్ని కాదు.

"సోమవారం రండి మామ్మగారూ" అన్నారు. ఆ తర్వాత సోమవారం కూడా అదే మాట. అలా ఐదు సోమవారాలు గడిచాయి. ఓనరు ఇచ్చిన నెలా దాటింది. ఆ గదిలో ఎవరో సెల్‌ఫోన్ కవర్ల కొట్టు పెట్టారు. ఆరో సోమవారానికి పాత మేనేజరు సీట్లో లేడు. కొత్తాయన రిజిస్టరు తిరగేసి, "ఇచ్చేశాం కదండీ, పోయిన నెలలోనే డిశ్చార్జి అయ్యాయి" అన్నాడు. కౌంటరు అద్దం అవతలి నుంచి ఒక బాండు వెనక్కి తిప్పి చూపించాడు. దూరానికి స్టాంపు కనబడింది, సంతకం కనబడింది.

ఆఫీసు నుంచి నాగరత్నం బండి దాకా పది నిమిషాల దారి. ఆ రోజు అరగంట పట్టింది.

ఆమె పళ్లేలు కడుగుతోంది. ఎదురుగా నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను. "డబ్బు నువ్వు తీసుకున్నావని రాసుకున్నారు. నీ సంతకం ఉంది. బాండ్లు తీసుకెళ్లింది నేను."

పక్కన గోలీసోడా బండి అతను వింటున్నాడు. "మామ్మే మింగిందేమో అడుగు" అన్నాడు.

నాగరత్నం చేతులు తుడుచుకుంది. "పిన్నిగారు ఇన్నేళ్లలో నా బండి దగ్గర గుక్కెడు టీ తాగలేదు అన్నయ్యా. నా లక్షన్నర మింగుద్దా? నీ సోడా నువ్వు చూసుకో." తర్వాత నా వైపు తిరిగి, "ఇప్పుడేం చేద్దామండీ?" అంది.

నా పనిలో నాకు దక్కిన జీతం ఏదైనా ఉందంటే ఆ మాటే. కమిషను దాని తర్వాతే.

గవర్నర్‌పేటలో ఒక పాత మేడ మెట్ల కింద కోటేశ్వరరావు గారని, అర్జీలు టైపు చేసే పెద్దాయన కూర్చునేవారు. ఇద్దరం వెళ్లాం. ఆయన అంతా విని కళ్లజోడు తీశారు.

"వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. డిపాజిట్ తీసుకుని తిరిగి ఇవ్వకపోతే అది సేవలో లోపం కింద వస్తుంది. ఐదు లక్షల లోపు కేసుకు ఫీజు లేదు. లాయరు లేకపోయినా మీరే చెప్పుకోవచ్చు."

"ఫీజు లేదా?" అని రెండుసార్లు అడిగాను.

"లేదమ్మా. నాకు మాత్రం టైపుకు ఇవ్వాలి." తర్వాత నాగరత్నం వైపు చూడకుండా నాతో అన్నారు. "మీరు సాక్షిగా అఫిడవిట్ ఇవ్వాలి. అఫిడవిట్ అంటే ప్రమాణం చేసి రాసిచ్చే కాగితం. స్టాంపు లేకుండా ముందే సంతకాలు పెట్టించానని, బాండ్లు నేనే ఇచ్చానని రాయాలి. అది రాస్తే మీ ఏజెన్సీ ఉండదు. మీరు సొసైటీలో కట్టిన సెక్యూరిటీ డబ్బు కూడా ఆపేస్తారు. ఆలోచించుకుని రండి."

రెండు రోజులు ఆలోచించాను. దాచేదేమీ లేదు. కానీ ఊరందరినీ పద్ధతిగా ఉండమని తిట్టినదాన్ని, పద్ధతి తప్పానని నా చేత్తో రాసివ్వాలి. ఆ రెండు రోజులూ నాగరత్నం మామూలుగానే వంద తీసి ఇవ్వబోయింది. "ఆ సొసైటీలో ఇంక వద్దు, ఇంట్లో దాచుకో" అన్నాను. "మీరు రాకపోతే నాకు తోచదండి" అంది. మూడో రోజు వెళ్లి సంతకం చేశాను. వారం తిరక్కుండానే సొసైటీ నుంచి ఉత్తరం వచ్చింది. ఏజెన్సీ రద్దు.

కేసు ఏడాదికి పైగా నడిచింది. వాయిదా ఉన్న రోజు నాగరత్నం తెల్లవారుజామునే ఇడ్లీలు అమ్మేసి, బండి మూసి వచ్చేది. ఒక రోజు సొసైటీ లాయరు ఆ ఎనిమిది బాండ్లూ దాఖలు చేశాడు. కమిషన్ అధ్యక్షురాలు ఒకావిడ, నెమ్మదిగా మాట్లాడేవారు. బాండ్లు ఒక్కొక్కటీ వెలుతురుకు ఎత్తి చూశారు. మమ్మల్ని దగ్గరకు పిలిచి చూపించారు.

అప్పుడు చూశాను దగ్గరగా. స్టాంపు సరిగ్గా సంతకం మీద అంటించి ఉంది. ఇటు పక్క 'నా', అటు పక్క 'త్నం'. మధ్యలో ఉండాల్సిన అక్షరాలు స్టాంపు కింద. స్టాంపు మీద చుక్క సిరా లేదు. ఎనిమిదింటి మీదా అంతే.

సొసైటీ లాయరు వెంటనే లేచాడు. "ఈ ఏజెంటు అలవాటే అదండీ. సంతకం ముందు, స్టాంపు తర్వాత. ఆమే అఫిడవిట్‌లో రాసింది. దీన్నిబట్టి డబ్బు ఇవ్వలేదని ఎలా అంటారు?"

అధ్యక్షురాలు నన్ను అడిగారు. "అమ్మా, నిబంధన ప్రకారం చేయలేదని ఒప్పుకుంటున్నారా?"

"ఒప్పుకుంటున్నానండి."

"ఎందుకలా చేశారు?"

"రూపాయి వృథా అవుతుందనండి."

వెనక ఎవరో నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "ఇంకేమైనా చెబుతారా?"

"చెబుతానండి. నేను స్టాంపు అంటించేది డబ్బు ఇచ్చే రోజే. సంతకం మీద కాదు, పక్కన. దాని మీదుగా ఖాతాదారు మళ్లీ సంతకం పెడితేనే క్యాషియరు డబ్బిచ్చేవాడు. నా చేతి మీదుగా డబ్బు ముట్టిన ప్రతి బాండుకూ రెండు సంతకాలు ఉంటాయి. వీటికి ఒక్కటే ఉంది. పాతవి తెప్పించి చూడండి."

వచ్చే వాయిదాకు నా ద్వారా డబ్బు చెల్లించిన పాత బాండ్లు కొన్ని తెమ్మని సొసైటీని ఆదేశించారు. అవి రావడానికి ఇంకో మూడు వాయిదాలు పట్టింది. తెచ్చింది తొమ్మిది. గాజుల కొట్టాయనవి, తాళ్ల కొట్టువి, ఇంకెవరివో. తొమ్మిదింటికీ వెనక రెండేసి సంతకాలు, రెండోది స్టాంపు మీదుగా. ఇన్నేళ్ల నా పిసినారితనం అలా వరసగా బల్ల మీద పరిచి ఉంది. సిగ్గుగానూ ఉంది, ప్రాణం లేచొచ్చినట్టుగానూ ఉంది.

డబ్బు చెల్లించినట్టు రుజువు లేదని, అసలూ వడ్డీ, ఖర్చులతో సహా నాగరత్నానికి ఇవ్వాలని ఆర్డరు వచ్చింది. అది వచ్చాక కూడా సొసైటీ వాళ్లు రెండు నెలలు నానబెట్టి, అమలు పిటిషన్ వేస్తే అప్పుడు డీడీ తెచ్చారు. పాత మేనేజరు సంగతి పోలీసుల దాకా వెళ్లింది. ఆ వివరాలు నాకు పూర్తిగా తెలియవు, తెలియనిది రాయను.

డీడీ అందుకునే రోజు రసీదు మీద సంతకం చేయాలి. నేను సంచిలో చేయి పెట్టేలోపు నాగరత్నం నన్ను ఆపింది.

"ముందు స్టాంపు పిన్నిగారూ. తర్వాతే నేను పెన్ను పడతా."

"అదే తీస్తున్నాను" అన్నాను. నా రూపాయి స్టాంపు తీసి, నేనే తడిచేసి అంటించాను. ఆమె డీడీ మీద అంకెలు చదివించుకుని, స్టాంపు మీదుగా ఈ చివర నుంచి ఆ చివరకు పేరు రాసింది. ఈసారి అన్ని అక్షరాలూ కనబడ్డాయి.

ఈ కేసు నాకు నేర్పినది చదివేవాళ్లకు పనికొస్తుందని చెబుతున్నాను. ఎంత తెలిసినవాళ్లు అడిగినా, డబ్బు కంటికి కనబడకుండా డిశ్చార్జి సంతకం చేయవద్దు. బాండు ఎవరి చేతికిచ్చినా ఇచ్చినట్టు కాగితం తీసుకోండి. మీరు నాలాంటి ఏజెంటైతే, ఖాతాదారు నమ్మకాన్ని మీ సౌకర్యానికి వాడుకోవద్దు. నేను వాడుకున్నాను. అయినా నన్ను ఆ మనిషి అనుమానించలేదు. మెట్ల కింద కోటేశ్వరరావు గారు రెండోసారి టైపుకు డబ్బు తీసుకోలేదు. ఆ అధ్యక్షురాలు నా మాట చివరిదాకా విన్నారు. వీళ్లకు నేను రుణపడి ఉన్నాను. అది వాయిదాల మీద తీరే రుణం కాదు.

నాగరత్నం ఇప్పుడు పక్క సందులో చిన్న గది తీసుకుంది. టైలరు గదికన్నా ఇరుకు, కానీ కుళాయి ఉంది. తెరిచిన రోజు వెళ్లాను. కార్డు లేదు, సంచి లేదు, ఉత్త చేతులు. ఆమె ఏమీ అడగకుండా టీ గ్లాసు తెచ్చి నా ముందు పెట్టింది.

"తాగుతారా, తీసెయ్యనా?"

"చక్కెర ఎక్కువ వేశావు" అన్నాను. తాగాను.