ఆ గొంతు మా పిన్నిది

దెయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు మొదటి నుంచీ చిరాకు. నేను రైల్వేలో సిగ్నల్ మెయింటెయినర్‌ని. ఇరవై రెండేళ్ళ సర్వీసు. సిగ్నల్ పడలేదంటే ఎక్కడో వైరు తెగి ఉంటుంది, లేదా రిలేలో తేమ చేరి ఉంటుంది. వెతికితే దొరుకుతుంది. దొరకలేదంటే సరిగా వెతకలేదని అర్థం. కిందటేడు మా ఇంట్లో జరిగినదానికి కారణం వెతికి వెతికి విసిగిపోయి ఇది రాస్తున్నాను గానీ, ఎవరినో నమ్మించాలని కాదు.

మాది నరసాపురం. మా అమ్మకు ఒక్కతే చెల్లెలు, సుభద్ర పిన్ని. పెళ్ళయ్యాక మద్రాసు వెళ్ళింది. అక్కడ సినిమాలకు డబ్బింగ్ చెప్పేది. తెలుగు రాని హీరోయిన్లకు గొంతు ఇచ్చేదన్నమాట. వాళ్ళలో ఒకావిడకు వరసగా పదిహేనేళ్ళు పిన్నే చెప్పింది. ఆవిడ పేరు రాయను. రాస్తే మళ్ళీ అందరూ ఆవిడ గురించే మాట్లాడతారు. ఆవిడ ఏడిస్తే హాలంతా ఏడ్చేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ ఏడుపు మా పిన్నిది. తెర మీద పిన్ని పేరు పడిన సినిమాలు మాత్రం నాకు తెలిసి మూడో నాలుగో.

కిందటేడు చలికాలంలో ఆ హీరోయిన్ పోయింది. వారం రోజులు ఏ ఛానల్ పెట్టినా ఆవిడే. ఆ గొంతులోని తడిని ఎలా మరిచిపోగలం అని ఒక యాంకరమ్మ కళ్ళొత్తుకుంది. అప్పటికి ఆ గొంతు గల మనిషి మద్రాసులో ఆస్పత్రి మంచం మీద ఉంది. హీరోయిన్ పోయిన తొమ్మిదో రోజున పిన్ని కూడా పోయింది. ఒక్క ఛానల్లో ఒక్క లైను రాలేదు.

నివాళి వీడియోల కింద ఆ గొంతు మా పిన్నిదని కామెంట్లు పెట్టాను. నవ్వే బొమ్మలు వేసి పోయారు. ఒకడు 'మా బామ్మది కూడా' అని రాశాడు. మా ఊళ్ళో సాంస్కృతిక సంఘం వాళ్ళు హీరోయిన్‌కు సంతాప సభ పెడితే వెళ్ళి, పిన్ని ఈ ఊరి ఆడపడుచేనండి, ఆవిడ గురించి కూడా రెండు మాటలు చెప్పండి అని బతిమాలాను. కార్యదర్శి గారు చివర్లో తప్పకుండా చెబుదామన్నారు. చివర్లో ఫోటోలు దిగి వెళ్ళిపోయారు.

పిన్నిని ఆఖరిసారి చూడటానికి మద్రాసు నేనొక్కణ్ణే వెళ్ళాను. ఇంటి ముందు పది పన్నెండు మంది ఆడవాళ్ళు నిలబడి మాట్లాడుకుంటున్నారు. ఒక్కరి మొహమూ నాకు తెలియదు. అందరి గొంతులూ తెలుసు. చిన్నప్పటి నుంచి హాల్లో విన్న హీరోయిన్లంతా నేత చీరలు కట్టుకుని, చేతిలో సంచులతో అక్కడ నిలబడి ఉన్నట్టుంది. పిన్నికి జరిగిన సంతాప సభ అదొక్కటే.

అమ్మ రాలేదు. పోయిందని ఫోన్ వస్తే "అలాగా" అంది. తలస్నానం చేసి వచ్చి కూర్చుంది.

దానికి కారణం ఉంది. పదకొండేళ్ళ కిందట మా అమ్మమ్మ మా ఇంట్లోనే పోయింది. రాత్రి రైలెక్కుతున్నానని పిన్ని ఫోన్ చేస్తే, మర్నాడు సాయంత్రం నాలుగింటి దాకా అమ్మమ్మను వరండాలోనే ఉంచి ఎదురు చూశాం. పిన్ని రాలేదు. ఫోన్ ఎత్తలేదు. రెండు రోజుల తరవాత తనే చేసి, రికార్డింగ్ వదిలి రాలేకపోయానంది. అమ్మ నా ముందే ఒక మాట అని ఫోన్ పెట్టేసింది.

"ఊళ్ళో వాళ్ళ ఏడుపులన్నీ నువ్వే ఏడుస్తావు కదే. కన్నతల్లికి ఏడవడానికి తీరిక లేకపోయిందా?"

ఆ తరవాత అక్కచెల్లెళ్ళు మాట్లాడుకోలేదు. పండగలకు పిన్ని నాకు ఫోన్ చేసి, అమ్మ పక్కనే ఉందా అని అడిగేది. ఫోన్ ఇవ్వబోతే అమ్మ లేచి పెరట్లోకి వెళ్ళిపోయేది.

ఇక జరిగింది చెబుతాను. పిన్ని పెద్దకర్మ అయిన రెండు వారాలకు, ఒక ఆదివారం మధ్యాహ్నం. ఒంటిగంట కావస్తోంది. అమ్మ ముందు గదిలో టీవీ ఎదురుగా కుర్చీలో కూర్చుని గోరుచిక్కుళ్ళకు ఈనెలు తీస్తోంది. నేను అదే గదిలో గుమ్మం దగ్గర కూర్చుని పాత ఫ్యాను రెగ్యులేటర్ విప్పి చూస్తున్నాను. మా ఆవిడ వంటింట్లో ఉంది. టీవీలో ఆ హీరోయిన్ పాత సినిమా. నివాళి అని మూల ఆవిడ ఫోటో పెట్టి వేస్తున్నారు. నా చెవి అటే ఉంది గానీ నేను చూడటం లేదు.

హీరోయిన్ అరుగు మీద కూర్చుని ఎదురింటావిడతో మాట్లాడే సీను. ఒక్కో అక్షరం ఒత్తి పలికే సినిమా తెలుగు. మధ్యలో ఆ గొంతు మారింది.

"అక్కా, ఆ వేళ నేనొచ్చేనే. వీధి మొగలో పాల కేంద్రం దగ్గర నిలబడిపోయేను. లోపలికి రాలేకపోయేను."

అంతే. మళ్ళీ మామూలు డైలాగు.

పిన్ని గొంతు వినపడటంలో వింత లేదు. సినిమా అంతా పిన్ని గొంతే. కానీ ఆ సినిమాకు చెప్పినప్పుడు పిన్నికి ముప్పై లోపు. ఈ మాటలు అన్నది అరవై దాటిన పిన్ని. పండగ పూట నేను ఫోన్లో వినే గొంతు. కాస్త బొంగురు, మాటకూ మాటకూ మధ్య ఆయాసం. నేను తలెత్తేసరికి తెర మీద హీరోయిన్ నవ్వుతోంది. ఆ మాటలకు ఆవిడ పెదవులు కదిలాయో లేదో చూడలేదు. దానికి ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

అమ్మ లేచి నిలబడింది. ఒళ్ళో ఉన్న గోరుచిక్కుళ్ళన్నీ నేల మీద పడ్డాయి. టీవీ వైపు చూస్తూ, ఎదురుగా మనిషి ఉన్నట్టే అడిగింది.

"మరి లోపలికెందుకు రాలేదే?"

ప్రకటనలు మొదలయ్యాయి.

నువ్వూ విన్నావా అని అమ్మను అడిగాను. నాకేమన్నా చెవుడా అంది. వంటింట్లోకి వెళ్ళి మా ఆవిణ్ణి అడిగితే, మిక్సీ మోతలో ఏమీ వినపడలేదంది. ఇంట్లో ఉన్న మూడో సాక్షి సరిగ్గా ఆ అరనిమిషమే కొబ్బరి పచ్చడి రుబ్బాలా?

ఆ సాయంత్రమే సినిమాను ఫోన్లో వెతికి పట్టుకున్నాను. ఆ సీను ఎన్నిసార్లు చూశానో నాకే తెలియదు. అరుగు ఉంది, ఎదురింటావిడ ఉంది. ఆ మాటలు లేవు. అవి పట్టేంత ఖాళీ కూడా ఎక్కడా లేదు. కేబుల్ ఆఫీసుకు వెళ్తే, పైనుంచి వచ్చింది వచ్చినట్టు ఇస్తామండి, మధ్యలో మాటలు కలపడానికి మాకేం పనండి అన్నారు. ఛానల్ వాళ్ళకు రెండు మెయిళ్ళు పెట్టాను. మీ అభిప్రాయానికి ధన్యవాదాలు అని వచ్చింది. నేను అభిప్రాయం చెప్పలేదు, ప్రశ్న అడిగాను.

డ్యూటీలో నా స్నేహితుడొకడు, మీ అమ్మగారే తనలో తను అనుకుని ఉంటారు అన్నాడు. థైరాయిడ్ ఆపరేషన్ అయినప్పటి నుంచి అమ్మ గొంతు గుసగుసలా తప్ప పైకి రాదు. పక్కింటి టీవీ ఏమో అనుకుంటే, వాళ్ళు ఆ నెలంతా తాళం వేసుకుని కూతురింట్లో ఉన్నారు.

పోనీ ఇద్దరం భ్రమపడ్డామని సరిపెట్టుకోబోయాను. అదీ కుదరలేదు. మద్రాసులో ఉన్న పిన్ని కూతురు పద్మజకు ఫోన్ చేశాను. టీవీ సంగతి చెప్పలేదు. అమ్మమ్మ పోయిన రోజున మీ అమ్మ నిజంగా రికార్డింగ్‌లోనే ఉందా అని మాత్రం అడిగాను.

"మీకెవరు చెప్పారన్నయ్యా?" అంది.

"ఏం చెప్పడం?"

"అమ్మ ఆ రోజు నరసాపురం వచ్చింది. ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. మీ వీధి మొదట్లో పాలు అమ్మేచోటు ఉండేదట కదా, అక్కడ రెండు గంటలు నిలబడి, సాయంత్రం రైలుకు తిరిగొచ్చేసింది."

ఆ పాల కేంద్రాన్ని తీసేసి ఎనిమిదేళ్ళయింది. అక్కడిప్పుడు సెల్‌ఫోన్ల షాపు. మా వరండాలోంచి ఆ మలుపు కనపడదు. పిన్ని అక్కడ నిలబడ్డంతసేపూ మేం ఇక్కడ అమ్మమ్మ పక్కన కూర్చుని ఆవిడ కోసమే వీధిలోకి చూస్తున్నాం. మధ్యలో పది ఇళ్ళు.

ఎందుకు తిరిగెళ్ళిపోయిందమ్మా అని పద్మజను అడిగాను. తనూ ఎన్నోసార్లు అడిగిందట, చెప్పలేదట. నేను అడిగినదానికి ఏడుస్తూనే, ఇన్నేళ్ళు దాచిన మాట మీకెలా తెలిసిందని పద్మజ మళ్ళీ మళ్ళీ అడిగింది. నా దగ్గర ఉన్న జవాబు చెప్పడానికి నాకే సిగ్గేసింది. ఎవరో అన్నారులే అని పెట్టేశాను.

అమ్మకు చెబితే మనసు తేలికపడుతుందనుకున్నాను. పడలేదు. రాలేదన్న కోపం ఒకటి ఇన్నేళ్ళూ మోసింది. ఇప్పుడు, వచ్చి కూడా గడప తొక్కలేదన్న కోపం. నన్ను అడుగుతుంది, ఎందుకు రాలేదంటావురా అని. నాకేం తెలుసు? వీధి మొగ దాకా వచ్చిన మనిషికి ఏం అడ్డొచ్చింది? ఆ ఒక్క మాట కూడా చెప్పేసి ఉంటే పోయేదిగా. చెప్పేదేదో పూర్తిగా చెప్పకుండా సగంలో వదిలేసిందని, చనిపోయిన మనిషి మీద నాకూ విసుగొస్తుంది.

నేను విన్నది ఏంటో ఇప్పటికీ చెప్పలేను. దానికి పేరు పెట్టలేను. ఆ సినిమా ఆ తరవాత రెండుసార్లు వేశారు. ఆ సీను మామూలుగా వచ్చి, మామూలుగా వెళ్ళిపోయింది.

ఆ హీరోయిన్ సినిమా ఏది వస్తున్నా అమ్మ టీవీ ముందు కూర్చుంటుంది. సౌండు పెంచమంటుంది. మమ్మల్ని మాట్లాడనివ్వదు. మొన్న ఒక సినిమా సగంలో ఉండగా కుర్చీని టీవీ దగ్గరికి లాక్కుని, ఆ రాని గొంతుతోనే అంది.

"చెప్పవే. నేనిక ఏమీ అనను."

ఇదంతా పిచ్చి అని ఆ నిమిషమే టీవీ కట్టేయాలి నేను. రిమోట్ నా చేతిలోనే ఉంది. సౌండు ఇంకో రెండు గీతలు పెంచి, నేనూ అమ్మ పక్కన కూర్చున్నాను.