ఒకే నంబరుతో రెండుసార్లు

నేను పిరికిదాన్ని. మా ఇంట్లో ఈ మాట ఎవరూ ఒప్పుకోరు, నా నోరు అంత పెద్దది మరి. ఆ నోరు ఎంత పనికిమాలినదో రెండువేల ఆరు ప్రాంతంలో ఒక వారం రోజుల్లో తెలిసింది.

అప్పటికి చదువైపోయి, ఉద్యోగం రాక, బిలాస్‌పూర్‌లో మా రైల్వే క్వార్టర్‌లో ఖాళీగా ఉన్నాను. లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నడిచే కంప్యూటర్లలో తెలుగు అక్షరాలు సరిగ్గా కనబడేలా చేసే ఒక చిన్న బృందం ఉండేది. అందులో చేరాను. జీతం గీతం లేదు. బృందానికి ఒక పెద్దాయన, ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు, మాటలన్నీ ఈమెయిల్లోనే. ఫాంటు ప్యాకేజీ నాకప్పగించి, సర్వర్ పాస్‌వర్డు కూడా ఇచ్చారు. జనం ప్యాకేజీలు దింపుకునే ఆ సర్వర్ని చూసుకునేది విజయనగరం వైపు ఒక బడిపంతులు. అందరం మాస్టారు అనేవాళ్లం.

ప్యాకేజీ అంటే పెద్ద మాయేం కాదు, ఫైళ్లన్నీ కట్టిన మూట. దానికొక నంబరు. లోపల చేంజ్‌లాగ్ అని ఒక చిట్టా, ఏ నంబరులో ఏం మారింది, ఎవరు మార్చారు అని. నంబరూ చిట్టా లోపలి సరుకూ ఒకే మాట చెప్పాలి. నాకంటే ముందున్నవాళ్లు వాటిని కలగాపులగం చేసి వెళ్లారు. రెండు నెలలు కూర్చుని ఆ చిక్కులన్నీ విప్పాను. చిట్టాలో నా పేరు చూసుకుని మురిసిపోయేదాన్ని. ఇంటి రేషన్ కార్డూ, చదువు సర్టిఫికెట్లూ కాకుండా నా పేరున్న చోటు లోకంలో అదొక్కటే.

నాకో చెడ్డ అలవాటు ఉండేది. పని చేయకముందే చిట్టాలో రాసేసుకునేదాన్ని. "ఒత్తులు సరిచేశాను" అని రాసి, నంబరు పెంచి, ఆ తర్వాత తీరిగ్గా ఒత్తుల సంగతి చూడటం. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం, అచ్చం అదే.

ఇంకో అలవాటు మా ఊరిది. మా ఇంట్లో తెలుగూ హిందీ ఒకే గిన్నెలో ఉడుకుతాయి. ఫోల్డర్లకి పేర్లు కూడా అలాగే పెట్టేదాన్ని. ఒత్తులన్నీ సరిచేశాక ఆ ప్యాకేజీని "కల్" అనే ఫోల్డర్లో పెట్టాను, రేపు పంపాలి కదా అని. హిందీలో కల్ అంటే రేపూ అవుతుంది, నిన్నా అవుతుంది. ఇంట్లో ఇంటర్నెట్ లేదు. మర్నాడు నది అవతల సర్కండాలో నెట్ సెంటర్‌కి వెళ్లి పెన్‌డ్రైవ్ పెట్టి చూస్తే, కల్ అంటే నిన్నటిది, పాతది అనిపించింది. పక్క ఫోల్డర్లో ఉన్నది సర్వర్‌కి ఎక్కించి, ఆటోలో అర్పా నది దాటి ఇంటికొచ్చేశాను.

సాయంత్రం పెన్‌డ్రైవ్ తెరిచి చూసుకుంటే తెలిసింది. నేను పంపింది చిట్టా మాత్రం రాసి, పని మొదలే పెట్టనిది. సరిచేశానని నా పేరుతో ఉంది, సరిచేసింది ఏమీ లేదు.

చేయాల్సిందేమిటో నాకు బాగా తెలుసు. కొత్త నంబరు వేసి, తప్పు జరిగిందని చిట్టాలో రాసి, మళ్లీ పంపాలి. ఒకసారి బయటికెళ్లిన నంబరుని ఇంకో సరుకుకి వాడకూడదు. నేను మాత్రం మర్నాడు పొద్దున్నే వెళ్లి, అదే నంబరుతో అసలైనదాన్ని పాతదాని స్థానంలో పెట్టేసి, చప్పుడు చేయకుండా వచ్చేశాను.

ప్రతి ఫైలుకీ మాస్టారు ఒక సరిచూపు సంఖ్య పెట్టేవారు. లోపల ఒక్క అక్షరం మారినా అది కలవదు. నేను మార్చిన ఫైలుకి అది కలవక, రెండు రోజుల్లో ఫిర్యాదులు మొదలయ్యాయి. సర్వర్లో ఫైలు పాడైందనీ, ఇది మాస్టారి అజాగ్రత్తేననీ, ఆ పని ఇంకొకరికి ఇవ్వాల్సి వస్తుందేమోననీ పెద్దాయన అందరికీ రాశారు. కింద మాస్టారి జవాబు: "క్షమించండి. ఎలా జరిగిందో తెలియడం లేదు. నా చేతిలోనే అయ్యుంటుంది."

నెట్ సెంటర్‌లో కూర్చుని అది చదివాను. "కాదు, నేనే" అని రాశాను. చెరిపేశాను. పాస్‌వర్డు లాగేసుకుంటారు, చిట్టాలోంచి నా పేరు తీసేస్తారు. ఆ భయం తప్ప బుర్రలో ఇంకేమీ లేదు. నాలుగు రోజులు నెట్ సెంటర్ వైపు వెళ్లలేదు. ఇంట్లో ఫోన్ మోగితే ఉలిక్కిపడేదాన్ని, వాళ్లెవరి దగ్గరా మా నంబరు లేకపోయినా.

మా నాన్న రైల్వే షెడ్‌లో రిజిస్టర్లు రాసేవారు. ఆ శనివారం డ్యూటీ నుంచి వచ్చి భోజనానికి కూర్చుంటూ నా మొహం చూశారు.

"ఏటే, అలాగున్నావు? జొరవా?"

ఏడుస్తూ మొత్తం చెప్పేశాను. కంప్యూటర్ సంగతి ఆయనకి ఎంత అర్థమైందో గానీ అన్నం కలపడం ఆపేశారు.

"అచ్ఛా. తప్పు రాసినోడికి మెమో ఇస్తారు. దాన్ని బ్లేడుతో గీకినోడికి చార్జిషీటు. నువ్వు గీకినావు."

"ఇప్పుడేం చేయాలి నాన్నా?"

"నీ సంగతి సరేనే. ఆ మాస్టారు ఏటన్నాడు?"

"తన తప్పే అయ్యుంటుందన్నారు."

నాన్న చెయ్యి కడుక్కుని లేచిపోయారు, కంచంలో అన్నం అలాగే ఉంది. మా నాన్న అన్నం వదిలేయడం నేను అంతకుముందు చూడలేదు.

ఆ మధ్యాహ్నమే వెళ్లాను. వంతెన మీద రెండుసార్లు ఆటో దిగి వెనక్కి వెళ్లిపోదామనుకున్నాను. కొత్త నంబరు వేసి, చిట్టాలో ఇలా రాశాను: "పాత నంబరు రెండుసార్లు విడుదలైంది. మొదటిసారి పొరపాటున. రెండోసారి ఆ పొరపాటు దాచడానికి. రెండూ నేను చేసినవే, సర్వర్లో ఏ తప్పూ లేదు." అదే అందరికీ ఈమెయిల్ కూడా చేసి, జవాబు కోసం అక్కడే కూర్చున్నాను.

పెద్దాయన గంటలోనే జవాబిచ్చారు. చెప్పినందుకు సంతోషమనీ, పని కొనసాగించమనీ. మాస్టారి జవాబు సోమవారం వచ్చింది.

"అమ్మా, నా మతి పోతోందేమోనని వారమంతా బెంగపడ్డాను. బడిలో మార్కులు కూడా రెండేసిసార్లు కూడుకున్నాను. నువ్వు రాసింది చదివాక ప్రాణం కుదుటపడింది. సర్వర్ పని మాత్రం శుక్రవారమే వదిలేశాను తల్లీ. ఫైలు ముట్టుకోవాలంటే భయమేస్తోంది."

తిరిగి పనికి రమ్మని నేను మూడుసార్లు రాశాను. ఆయన రాలేదు. ఆ సర్వర్ పని కూడా పెద్దాయన నాకే ఇచ్చారు.