కాల్ లేని సాయంత్రం

కిరండూల్ రైల్వే కాలనీలో ఏ తలుపు మీద ఎవరు తట్టినా నాకే అనిపించేది. పాలవాడు తట్టినా సరే, లేచి నిలబడిపోయేవాణ్ణి. ఇనుప ఖనిజం మోసే గూడ్సు బండికి గార్డుని నేను. గూడ్సుకి టైమ్‌టేబుల్ ఉండదు. పైన గనిలో తవ్విన ఖనిజం పెట్టెల్లో ఎప్పుడు నిండితే అప్పుడే బండి. బండి ఎప్పుడైతే అప్పుడే మేము. బయల్దేరే వేళకి కాస్త ముందు కాల్‌మాన్ సైకిల్ మీద వచ్చి, తలుపు కొట్టి, పుస్తకంలో సంతకం పెట్టించుకుని పోతాడు. దాన్నే కాల్ అంటాం. కాల్ వచ్చేదాకా ఇంట్లో ఉన్నా లేనట్టే, వచ్చాక ఇంక చెప్పేదేముంది! సగం గీసిన గడ్డంతో పరుగెత్తిన రోజులున్నాయి, పులుసు కలుపుకున్న కంచం వదిలి లేచిన రోజులున్నాయి.

మా కాల్‌మాన్‌ది తెలుగు సరిహద్దు పక్క ఎర్రబోరు దగ్గర పల్లె. ఇంట్లో దోర్లి, బజార్లో హల్బీ, ఆఫీసులో హిందీ, మాతో తెలుగు మాట్లాడేవాడు. గట్టిగా ఒక మాట అనని మనిషి. అయినా అతని సైకిల్ కనపడగానే ముఖం ముడుచుకునేవాణ్ణి. అందులో అతని తప్పేమీ లేదని తెలిసీ విసుక్కునేవాణ్ణి.

నాకున్న ఒకే ఒక్క పిచ్చి పద్యం. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు కదా. మాది శ్రీకాకుళం వైపు. పద్యనాటకం అంటే తెల్లవార్లూ కూర్చునే జనం మధ్య పుట్టినవాణ్ణి. కాలనీలో తెలుగువాళ్ళం ఏటా ఉగాదికి ఒక నాటకం ఆడేవాళ్ళం. మా పక్క క్వార్టర్లో ఉండే పాయింట్స్‌మన్ ఆదివారం చర్చిలో హార్మోనియం వాయించేవాడు, ఆ చేతులతోనే మా పద్యాలకీ వాయించేవాడు. నాకు మాత్రం ఎప్పుడూ భటుడి వేషమే. "జయము జయము మహారాజా" అని ఒక దండం పెట్టి పక్కకి తప్పుకోవడం. గొంతు లేక కాదు. నాకు కాల్ వస్తే భటుడి తలపాగా ఇంకెవరికైనా చుట్టొచ్చు గనక. "గూడ్సు గార్డుకి పెద్ద వేషమిస్తే నాటకం యార్డులోనే నిలిచిపోతుంది" అని మాతో నాటకం ఆడించే తెలుగు మాస్టారు అందరి ముందూ నవ్వేవాడు. నాకు ఒళ్ళు మండేది.

ఒక ఏడాది పట్టుబట్టాను. మాస్టారు సొంతంగా రాసిన నాటకం అది. యుద్ధానికి బయల్దేరిన అన్నకి తమ్ముడు అడ్డం నిలబడతాడు. ఆ తమ్ముడి వేషం నాకు కావాలన్నాను. "సెలవు దొరక్కపోతే?" అన్నాడాయన. "దొరుకుతుంది" అన్నాను, అదేదో నా జేబులో ఉన్నట్టు. ఈ ఒక్కసారి ఆ వేషం కట్టకపోతే ఉద్యోగం నన్ను పూర్తిగా మింగేసినట్టేనని నిజంగా భయపడ్డాను.

మరి సాధన ఎక్కడ చెయ్యడం? ఇంట్లో గొంతెత్తితే షిఫ్టు దిగి పడుకున్నవాళ్ళు గోడ మీద బాదేవారు. అందుకని బండి చివర గార్డు కూర్చునే బ్రేకువ్యానులో పాడుకునేవాణ్ణి. అందులో నేనొక్కణ్ణే. ముందు అంత పొడవునా ఎర్ర ఖనిజం, రెండు పక్కలా అడవి. ఎంతసేపు రాగం తీసినా అడిగే నాథుడు లేడు. జీతమూ సరదా కలిసి నడిచే చోటు నాకు లోకంలో అదొక్కటే.

ఒక మధ్యాహ్నం గీదం దాటాక ఎత్తు ఎక్కుతున్నాం. నా నడుముకున్న వాకీటాకీలో, మాట్లాడేటప్పుడు నొక్కే మీట సీటు అంచుకి నొక్కుకుపోయింది. నాకు తెలీదు. తమ్ముడి మొదటి పద్యం "ఆగుమాగుము" అని ఎత్తుకోవాలి. "ఆగూ..." అని ఊపిరున్నంతసేపు లాగాను. ముందు ఇంజన్లో ఉన్న డ్రైవరు బిలాస్‌పూర్ మనిషి. మాతో తిరిగి తెలుగులో నాలుగు ముక్కలు పట్టుకున్నాడు. పద, తిను, బాగుంది, ఆగు. ఏమైందని అతను అడిగాడట. మీట నొక్కి ఉన్నంతసేపు అవతలి మాట రాదు గనక నాకు వినపడలేదు. బండి ఆపేశాడు.

నిండు లోడు ఎత్తు మీద ఆగితే మళ్ళీ ఓ పట్టాన కదలదు. నేను కంగారుగా సెట్టు చేతిలోకి తీసుకుని "క్యా హువా?" అంటే, "ఆప్ నే హీ తో బోలా, ఆగు!" అని అరిచాడు, ఆగమన్నది మీరే కదా అని. అంత పెద్దగా, అంతసేపు ఆగమంటే ఏ పెట్టో పట్టాలు తప్పిందనుకున్నాడు పాపం. వెనకనుంచి తోసే ఇంజను వచ్చేదాకా ఆ అడవిలో కూర్చున్నాం. ఆ వెనకాల ప్యాసింజరు కూడా ఆలస్యమైంది. అడిగినవాళ్ళకి ఉన్నదున్నట్టు చెప్పేశాను. పై అధికారి చాలాసేపు తిట్టి, మధ్యలో నవ్వు ఆపుకోలేకపోయి, ఆ కోపం కూడా కలిపి మళ్ళీ తిట్టాడు. ఇక వ్యానులో కూనిరాగం కూడా తియ్యొద్దన్నాడు. వారం తిరక్కుండానే ఈ కథ జగదల్‌పూర్ దాకా పాకిపోయింది.

నాకు నవ్వులపాలు కావడం కంటే పాడే చోటు పోవడమే బాధగా ఉండేది. ఉగాది దగ్గర పడుతోంది. కాలు కాలిన పిల్లిలా తిరిగాను. నీళ్ళు పట్టుకుంటూ ఒక పాదం, బూటు లేసు కట్టుకుంటూ ఇంకో పాదం. ఒక పాదం నోటికి వస్తే మునుపటిది పోయేది. దానికితోడు చెవులు ఎప్పుడూ వీధి తలుపు మీదే. ఇంక లాభం లేదు, మానేస్తానని మా ఆవిడతో అన్నాను.

"మానీడానికి ఈల్లేదు. బటుడేసం ఏసిన ప్రతేడూ ఇంటికొచ్చి నా మీదే అరిసీవోరు. ఈపాలి తమ్ముడేసం కట్టి అక్కడే అరిసీయండి, మీకు పుణ్యముంటాది" అంది.

సెలవు దొరికింది. ఒక్క రోజే, కానీ పూర్తి రోజు. నమ్మకం కుదరక మళ్ళీ ఆఫీసుకి వెళ్ళి అడిగొచ్చాను. గుమాస్తా నన్ను అదోలా చూశాడు.

ఉగాదినాడు పొద్దు వాలకముందే తెర లేచింది. మా కాలనీవాళ్ళు, పక్క స్టేషన్లవాళ్ళు హాలు నిండా ఉన్నారు. నా వంతు వచ్చింది. "ఆగుమాగుము" అన్నానో లేదో హాలంతా గొల్లుమంది. అది నేననుకున్నదే. నాకూ నవ్వొచ్చింది, మింగేసి పాడాను. మొదటి పాదం దాటింది, రెండో పాదంలో నవ్వులు సద్దుమణిగాయి. మూడో పాదంలో గొంతు విచ్చుకుంది. హార్మోనియం దగ్గర పాయింట్స్‌మన్ తలూపుతున్నాడు. ఇన్నేళ్ళూ దేనికోసం గింజుకున్నానో అది నా నోట్లోనే ఉంది. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. సరిగ్గా అప్పుడు కాల్‌మాన్ గుమ్మం దగ్గర సైకిల్‌కి స్టాండు వేసి లోపలికి వచ్చాడు.

పద్యం తెగిపోయింది. తల మీద కిరీటం తీసేశాను. స్టేజీ మెట్లు దిగి, జనం మధ్యలోంచి నడిచి, అతని దగ్గరికి వెళ్ళి సంతకానికి చెయ్యి చాపాను. "ఏ బండి?" అన్నాను.

అతను నా జరీ కోటు వంకా, ముఖం మీది రంగు వంకా చూసి బెదిరిపోయాడు. "ఏంది సార్, గట్ల దిగొచ్చిండ్రు? కాల్ లేదు. మీ పద్యం ఇందామని వచ్చిన" అన్నాడు.

చూస్తే అతని చేతిలో పుస్తకం లేదు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. వెనకాల అతని భార్య, కొత్త చీరలో, లోపలికి రావాలో వద్దో తెలియక నిలబడి ఉంది.

నాకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. ఇక జనం ఏమంటారో అనుకుంటూ వెనక్కి తిరిగాను. ఎవరూ నవ్వడం లేదు. హాల్లో అక్కడక్కడ గార్డులు, డ్రైవర్లు, నాలాంటివాళ్ళందరూ అప్పటికే లేచి నిలబడి, కుర్చీల కింద చెప్పులు వెతుక్కుంటున్నారు.