కారు కింద నాలుగు పీటలు

మా నాయన కారు పన్నెండేళ్లుగా మా కొట్టం నట్టనడుమ నిలబడి ఉండింది. ఇంజను ఒక మూల, సీట్లు అటక మీద. బాగుచేస్తానని నేను పెట్టిన ముహూర్తాలు లెక్కేస్తే మా ఊర్లో ఒక ఏడాది పెళ్లిళ్లకు సరిపోతాయి.

నా భార్య పలమనేరు సంతలో ఆవును మాట్లాడుకోని వచ్చింది. "శుక్రవారం ఆవు వస్తాది. ఆలోపల కారు గోడపక్కకు జరిగితే సరి. లేదంటే శనివారం పాతసామాన్లోడు వచ్చి కోసుకోని పోతాడు. వానికీ చెప్పేసినా," అనింది. ఆమె నాలాగా కథలు చెప్పే మనిషి కాదు.

బ్రేకులు తుప్పుకు బిగుసుకుపోయి ఒక్క చక్రమూ తిరగదు. అందుకని తెలిసిన వెల్డింగ్ భాయ్ దగ్గరికి పోయి, ఇనుప పలకల కింద ఎటుపడితే అటు తిరిగే చిన్న చక్రాలు వేయించి నాలుగు పీటలు చేయించినాను. టైరుకొక పీట.

"చక్రాలు కదలకుండా లాకులు పెట్టేదా అన్నా?" అన్నాడు భాయ్.

"ఎందుకప్పా? శ్రీహరికోటలో రాకెట్టునే చక్రాల మీద తోస్తారు. తోసినోళ్లలో నేనూ ఒకణ్ణి."

"పోయినసారి ఆడ వంట చేసినానంటివే?"

"వంటయినాక తోసినా."

గురువారం మధ్యాహ్నం జాకీతో ఒక్కో మూల లేపి, పెళ్లికొడుకును కూర్చోబెట్టినట్టు కారును పీటల మీద కూర్చోబెట్టినాను. నా భార్య ఆవు కోసం తెచ్చిన తవుడు మూటను గోడవార దించుతోంది. "చూడు, ఒక్క వేలు చాలు," అని బానెట్టును తాకినాను.

కదిలింది. వేలు తీసేసినా కదులుతూనే ఉండింది.

ఆ కొట్టంలో ఒకప్పుడు నాయన ఆవులను కట్టేవాడు. కడిగిన నీళ్లు నిలవకుండా గోడవార కాలువలోకి పారాలని నేలను అటువైపు పల్లంగా, వాటంగా వేయించినాడు. చిన్నప్పుడు ఆ నీళ్లు చీపురుతో తోసిందీ నేనే. పన్నెండేళ్లు కారు కదలకపోయేసరికి ఆ వాటం సంగతే మరిచిపోయినాను.

కారు పీతలాగా అడ్డంగా గోడకేసి జారింది. బంపరు పట్టుకుని వెనక్కి లాగితే నా చెప్పులు కూడా దాంతోపాటు జారినాయి. గోడకు కొట్టుకోబోయే ఆ డోరుకు నాయన తన చేత్తో రంగు వేసినాడు.

"పట్టుకో, పట్టుకో!" అని అరిచినాను.

"దేన్ని పట్టుకునేదయ్యా, నిన్నా, కారునా?" అంటూనే ఆమె మూటను కాలితో పీట ముందరికి దొర్లించింది. మూట పిగిలి తవుడు లేచింది. కారు గోడకు జానెడు దూరంలో నిలిచింది.

కొట్టం నడుమ ఖాళీ అయిన చోటును ఆమె చూసింది. "ఆవుకు చోటయితే దొరికింది."

"అంతా నేను అనుకున్నట్టే," అన్నాను.

"అనుకున్నావులే. కాలువ కారు కిందికి పోయింది. దినామూ కడగల్ల. పొద్దున్నే నువ్వు కారును ఎగువకు తోస్తావా, పాతసామాన్లోణ్ణి రమ్మనేదా?"

ఆ సాయంత్రమే భాయిని పిలుచుకొచ్చి పీటలకు లాకులు పెట్టించినాను. ఎందుకని ఆయన అడగలేదు. తవుడు ఇంకా నా మీసాలకు అంటుకునే ఉండింది.

ఇప్పుడు దినామూ పొద్దున కారును ఎగువకు తోసి లాకు వేస్తాను. ఆమె కాలువ కడుగుతుంది. ఆవు నెమరేస్తూ మా ఇద్దరినీ చూస్తుంది. కడగడమయినాక లాకు తీసి, ఈసారి రెండు చేతులతో పట్టుకుని కిందికి దించుతాను. బస్టాండులో ఎవరైనా అడిగితే, మా నాయన కారు దినామూ పోయి వస్తాండాదని చెప్తాను. అది అబద్ధమేమీ కాదు. ఎంత దూరమని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.