నస్రత్ వదిలిన కాలిపర్

కొండమీద లూర్దుమాత గుహ ముందు జనం మొక్కుగా వదిలిపోయే వస్తువులను సర్దడం శౌరయ్య పని. ఇరవై రెండేళ్లుగా అదే. మైనపు చేతులు, చెక్క ఉయ్యాలలు, గాజులు, చీరలు, చంకకర్రలు.

ఆ ఏడాది ఫిబ్రవరి తిరునాళ్లకు నస్రత్ వచ్చింది. గుంటూరు గోదాముల్లో మిరపకాయల తొడిమలు తీసే మనిషి. పసితనంలోనే పోలియోతో కుడికాలు చచ్చుబడింది. కాలికి ఇనప పట్టీల కాలిపర్ కట్టుకుని మెట్లన్నీ ఎక్కి, పైకొచ్చాక దాన్ని విప్పి గుహ కమ్మీలకు కట్టబోయింది.

“వద్దమ్మా. కొవ్వొత్తి పెట్టుకో, చీర పెట్టుకో. అది లేకపోతే ఎట్టా నడుస్తావు?” అన్నాడు శౌరయ్య.

“వదిలేస్తేనే అమ్మ నడిపిస్తుందంట బాబాయ్.”

చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. శౌరయ్య పక్కకు తప్పుకున్నాడు. నస్రత్ దాన్ని కమ్మీలకు కట్టేసింది. ఆమెను వాళ్ల అన్న మాలిక్ ఎత్తుకుని మెట్లు దించాడు.

ఎనిమిది నెలల తర్వాత మాలిక్ ఆమెను మళ్లీ ఆటోలో తీసుకొచ్చాడు. మెట్లెక్కలేక కిందే ఆగిపోతే, కబురు విని శౌరయ్యే దిగివచ్చాడు.

“పాక్కుంటా వెళ్తే మేస్త్రీ పనిలోకి రానియ్యట్లేదు బాబాయ్. నా కాలిపర్ నాకిచ్చెయ్యి,” అంది నస్రత్ తలెత్తకుండా.

అంతకు నెల ముందే చర్చి కమిటీవాళ్లు గుహ శుభ్రం చేయించి, పేరుకున్న ఇనుమంతా పాత సామాన్ల కొట్టుకు తోలించారు. ట్రాక్టరులోకి ఎత్తింది తనే.

మాలిక్‌ను వెంటబెట్టుకుని ఆ కొట్టుకు పరుగెత్తాడు. సరుకు ఎప్పుడో కరగడానికి పోయిందన్నారు. అక్కణ్ణించి నేరుగా ఫాదర్ దగ్గరికి వెళ్లాడు.

“కర్రలూ కాలిపర్లూ వదలొద్దని బోర్డు పెట్టించండి ఫాదర్.”

“జనం విశ్వాసానికి మనం అడ్డు చెప్పకూడదు శౌరయ్యా.”

“చెప్పకే గదండీ ఆ పిల్ల నేలమీద పాకుతోంది!”

ఫాదర్ లేచి లోపలికి వెళ్లిపోయారు. బోర్డు మాత్రం రాలేదు.

వికలాంగుల శిబిరానికి నస్రత్‌ను శౌరయ్యే మూడుసార్లు తీసుకెళ్లాడు. ఒకసారి కొలతలు తీసుకునే మనిషి రాలేదు. ఇంకోసారి కాగితాలు చాలవన్నారు. చివరికి వచ్చిన కొత్త కాలిపర్ మోకాలి దగ్గర ఒరుసుకుని పుండు పడింది. లోపల గుడ్డ చుట్టుకుని ఆమె పనికి వెళ్తోంది.

మరుసటి తిరునాళ్లలో ఒక ముసలాయన చంకకర్ర వదలబోతే శౌరయ్య లాక్కుని మళ్లీ ఆయన చంకలో పెట్టాడు. ఆయన బంధువులు గొడవ చేశారు. కమిటీవాళ్లు శౌరయ్యను గుహ దగ్గర్నించి తీసేసి, మెట్ల కింద కొవ్వొత్తుల కొట్లో కూర్చోబెట్టారు.

కుంటుతూ ఎవరొచ్చినా, కర్ర వదలొద్దని అక్కణ్ణించే అరుస్తాడు. మైకులో పాటల హోరుకు ఆయన మాట సగంమందికి వినిపించదు.