నల్ల గొట్టం కింది అతుకు

ఈ మాట చాలా ఏళ్ళుగా నాలో ఉండిపోయింది. దాన్ని బరువు అనుకోవడం ఈమధ్యే మొదలైంది. అంతకుముందు జాగ్రత్త అనుకునేవాణ్ని. నా పేరు చెప్పను. మీరు నన్ను ఎరగరు కాబట్టే చెప్పగలుగుతున్నాను. మధ్యలో ఎక్కడైనా నన్ను నేను వెనకేసుకొస్తున్నట్టు అనిపిస్తే, ఆ చోట నన్ను నమ్మకండి.

మాది ఖరగ్‌పూర్. ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో రైల్వే క్వార్టరు. నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. నా స్నేహితుడు సింహాద్రి వాళ్ళుండేది ఊళ్ళోనే, ఖరిదా అనే పేటలో. వాళ్ళ నాన్నా, మా నాన్నా కలిసి పనిచేసినవాళ్ళు, ఇద్దరూ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళే. నాకూ సింహాద్రికీ పిచ్చి ఒకటే, పందెం డ్రోన్లు. చిన్నవి, నాలుగు మోటార్లవి. కళ్ళకి అద్దాలు కట్టుకుంటే డ్రోను చూసేదంతా మనకి కనిపిస్తుంది. చెట్టుకో స్తంభానికో తగిలి పడిపోయేవి. ఎగరేసిన సేపుకంటే బాగుచేసిన సేపే ఎక్కువ. ఆ బాగుచేత మా వరండా పక్క గదిలో సాగేది.

వాడు నాకోసమే వస్తున్నాడనుకున్నాను. తర్వాత అనుమానం మొదలైంది. మా చెల్లెలు హేమ కాలేజీ నుంచి వచ్చాకే వాడు వచ్చేవాడు. హేమ లేని రోజు వాడికి ఏదో పని గుర్తొచ్చేది. వాడు మంచినీళ్ళు అడిగితే అమ్మ వినిపించుకోనట్టు ఊరుకునేది, హేమ తెచ్చేది. అడిగితే వాడు చెప్పేవాడేమో. నేనెందుకు అడగలేదు? అడిగితే తేలిపోతుంది. తేలిపోవడం నాకు ఇష్టం లేకపోయిందా? ఒకరోజు వాళ్ళిద్దరి పెళ్ళి సంగతి నాన్నే చెప్పాడు, "మనోళ్ళే కదా, పిల్లకి ఇష్టమే. ఆలోసిద్దాం" అని. ఇంట్లో అందరికీ తెలుసు. చివరికి తెలిసింది నాకు. ఇన్నాళ్ళూ వాడికి నా స్నేహం మా ఇంటి గుమ్మం దాటడానికి సాకు మాత్రమేనా అనిపించింది. ఆ తర్వాత వాడు ఏం చేసినా దాని వెనక ఇంకేదో ఉందనిపించేది.

ఆ శీతాకాలం మా ఊళ్ళో డ్రోన్లు ఎగరేసేవాళ్ళం పోటీ పెట్టుకున్నాం. గెలిచినవాడు కోల్‌కతా పోటీకి వెళ్తాడు. ముందురోజు నా డ్రోను గోడకి కొట్టుకుని మోటార్లు పాడయ్యాయి. కొత్తవి బిగించడానికి కూర్చున్నాను. ఒక్కో మోటారుకి మూడు తీగలుంటాయి. కొత్తవాటి తీగలు పొట్టివి, బోర్డు దాకా అందలేదు. ప్రతిదానికీ ఇంకో ముక్క చేర్చి సోల్డరింగ్ చేశాను. అతుకు మీద నల్లటి ప్లాస్టిక్ గొట్టం తొడిగి వేడి చూపిస్తే అది తీగని కరుచుకుంటుంది. లోపలి అతుకు ఇక ఎవరికీ కనిపించదు.

మర్నాడు మైదానంలో బ్యాటరీ తేవడానికి సైకిలు దగ్గరికి వెళ్ళి వచ్చేసరికి, సింహాద్రి నా డ్రోను మీద వంగి ఉన్నాడు. చేతిలో తీగలు కత్తిరించే చిన్న కటింగ్ ప్లయరు.

"ఏటి సేస్తన్నావు?" అన్నాను.

"తీగ రెక్కకి తగిలీలాగుంది. టేపు సుట్టినాను" అన్నాడు.

టేపు ఉంది. అది నిజమే. దాన్ని తెంపడానికే ప్లయరు తీశాడన్నది కూడా అంతే తేలిగ్గా అర్థమయ్యే మాట. నాకు మాత్రం అర్థం కాలేదు.

రెండో చుట్టులో నా డ్రోను గాల్లో వణికింది. ఒక మోటారు తడబడి ఆగింది. డ్రోను గిరికీలు కొట్టి పడింది. సింహాద్రి గెలిచాడు. కళ్ళద్దాలు తీసి నేల మీదికి విసిరాను. అందరి ముందూ అరిచాను, వీడు నా తీగ కోసేశాడని, నేను లేనప్పుడు ప్లయరు పట్టుకుని ఉండగా కళ్ళారా చూశానని.

వాడు నవ్వబోయాడు. నా మొహం చూసి ఆగిపోయాడు.

"నాను టేపు సుట్టినానంతేరా. ఆ నల్ల గొట్టం ఇప్పి సూడు. ఇక్కడే, అందరి ముందరే ఇప్పి సూడు."

"సూసీదేటి? నీ బుద్ధి నాకు తెల్దా?"

పోటీ నడిపే బెంగాలీ దాదా కూడా విప్పి చూడమనే అన్నాడు, "ఖోల్ కే దేఖ్ లో నా, భాయ్." నేను డ్రోనుని సంచిలో కుక్కి సైకిలెక్కాను. నేను ఎంత కోపంగా వెళ్ళిపోయానో చూసి, చెప్పింది నిజమే అయ్యుంటుందని చాలామంది అనుకున్నారు. వాళ్ళు సింహాద్రిని పోటీలకి పిలవడం మానేశారు. కోల్‌కతాకి వేరేవాడు వెళ్ళాడు.

ఇంట్లోనూ అదే చెప్పాను. కొంచెం కలిపి కూడా చెప్పాను.

"నేస్తుడికే ఇలాగ సేసినోడు, రేపు నా కూతురికేటి సేస్తాడో" అన్నాడు నాన్న.

ఆ సంబంధం అక్కడితో ఆగింది. హేమ నన్ను ఒక్క మాట కూడా అడగలేదు. తర్వాత టాటానగర్ సంబంధం వచ్చింది, చేశాం. బావ చెడ్డవాడేం కాదు. ఇలా చెప్పుకుని చాలాసార్లు నిద్రపోయాను.

ఆ పోటీ అయిన వారంలోనే గొట్టం విప్పాను. తీగ తెగలేదు, కోసిన గుర్తే లేదు. అతుకులోంచి శుభ్రంగా ఊడి వచ్చింది. కరిగిన సీసం గట్టిపడేదాకా తీగ కదలకూడదు. కదిలితే పైకి అంటుకున్నట్టే ఉంటుంది, లోపల పట్టు ఉండదు. అది కదిలిన అతుకు. కదిలించింది నేను. పోటీ ముందురోజు సాయంత్రం నేను అతుకు వేస్తుంటే, వరండాలో హేమా వాడూ నవ్వుకుంటున్నారు. ఏమన్నారో వినాలని తల తిప్పాను. చేయి కూడా తిరిగింది. అలాగే గొట్టం తొడిగేశాను.

విప్పిన రోజు చెప్పేస్తే సరిపోయేది. చెప్పలేదు. అప్పట్నుంచి నా అనుమానం అందరి మీదికీ పాకింది. ఖరిదా బజారులో సింహాద్రి ఎదురై "బాగున్నావేట్రా?" అంటే, ఆ పలకరింపులో ఏదో ఉందని రోజంతా వెతికేవాణ్ని. అమ్మ కూర తక్కువ వడ్డిస్తే, తెలిసిపోయిందా అనుకునేవాణ్ని. వాడు మళ్ళీ డ్రోను పట్టుకోలేదట. అది కూడా నన్ను సాధించడానికే అనుకున్నాను. ఇలా అనుకునే మనిషిని మీరేమంటారు?

మొన్న హేమ వచ్చింది. బట్టలు మడత పెడుతూ, తల ఎత్తకుండా అడిగింది.

"అన్నా, ఆ రోజు నిజింగా ఆయనే కోసీసినాడా?"

ఇన్నేళ్ళకి అడిగింది. నా నోటి నుంచి వచ్చింది ఇదీ: "అవును. ఇప్పుడా గొడవలెందుకు?"

"అలగే" అని మడతలు పెట్టుకుంటూ ఉండిపోయింది. నమ్మిందా? నమ్మనట్టు నాకు తెలియాలనే అలా అందా? ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఇంకొకటి. గొట్టం విప్పాకే తెలిసిందని మీకు నమ్మించబోయాను. అది అబద్ధం. మైదానంలో వాడు "ఇప్పి సూడు" అన్న క్షణంలోనే, నా చేయి తిరిగిన సంగతి గుర్తొచ్చింది. అందుకే అక్కడ విప్పలేదు. కోపంతో కాదు, భయంతో వెళ్ళిపోయాను. నాన్న దగ్గర మాట కలిపి చెప్పినప్పుడు కూడా నాకు తెలుసు.

హేమ రేపు టాటానగర్ వెళ్ళిపోతుంది. ఇది తనకి చూపిస్తానో లేదో చెప్పలేను. చూపిస్తానని మాటిస్తే అదొక అబద్ధం అవుతుందేమోనని భయం. కానీ తెలిసి చేశానన్న మాట ఇప్పటిదాకా నాలో నేను కూడా అనుకోలేదు. ఇప్పుడు రాశాను. కొట్టేయకుండా వదిలేస్తున్నాను.