ఫోర్‌జీ ఫోన్‌ల నా బిడ్డకు నా కండ్లు

మా చిన్నతనంల ఫిల్మ్ నగర్ అంటే సగం ఇండ్లు, సగం బండలు... పొద్దుగాలనే సినిమా ఏజెంట్ వ్యాన్ వచ్చి మా బస్తీ మొదట్ల ఆగేది. మా అమ్మ నా చెయ్యి పట్టుకుని ఉరికేది. సినిమాలల్ల వెనక గుంపుల నిలబడేటోళ్లం మేము. పెండ్లి సీన్ అయితే పెండ్లికొచ్చినోళ్లం, సంత సీన్ అయితే బేరం చేసేటోళ్లం...

నాకప్పుడు ఎనిమిదేండ్లు. ఒక పెండ్లి సీన్‌ల నన్ను ముందు వరుసల కూసోబెట్టిండ్రు. ఎదురుంగ కెమెరా. ఆ నల్లటి అద్దంల ఏముంటదో అని గుచ్చి గుచ్చి చూసిన... షాట్ ఆగిపోయింది.

"ఏయ్, రెండు జడల పాపా! కెమెరా వైపు చూస్తావేంటి? నీ ఫోటో తీస్తున్నామనుకున్నావా?" అని అసిస్టెంట్ డైరెక్టర్ అరిచిండు. అందరు నవ్విండ్రు. మళ్ల తీసిండ్రు, మళ్ల చూసిన. నన్ను లేపి వెనక కుర్చీల చాటుకు పంపిండ్రు.

ఇంటికొచ్చినంక మా అమ్మ నా గదువ పట్టుకుని ఒక్కటే చెప్పింది. "అది ఎటుంటే నువ్వు అటు చూడకు బిడ్డా. మన బువ్వ అండ్లనే ఉంది."

గంతే... ఆ తర్వాత ముప్పై ఏండ్లు గుంపులల్ల నిలబడ్డ. ఏ కెమెరా కనబడ్డా నా కండ్లు వాటంతట అవే పక్కకు పోతయి. నా పెండ్లి ఫోటోలల్ల సుత పక్కకే చూస్తుంట. మా ఆయన బతికున్నన్ని రోజులు ఎక్కిరిచ్చిండు, "ఎవరి పెండ్లికొచ్చినవే నువ్వు" అని.

మౌనిక నా ఒక్కగానొక్క బిడ్డ. డిగ్రీ చదివి ఇక్కడనే ఒక సినిమా ఆఫీసుల కొలువుకు చేరింది. షూటింగులకు ఊర్లు తిరిగేది. అప్పుడే ఫోర్‌జీ వచ్చింది. సిమ్ముల కోసం జనం లైన్లు కట్టిండ్రు... మౌనిక నాకో ఫోన్ తెచ్చి చేతుల పెట్టింది.

"ఫోర్‌జీ అంటే ఏంది బిడ్డా?" అంటే ఓపికగ పక్కన కూసొని చెప్పింది. "ముందుగాల ఫోన్లల్ల మాట ఒక్కటే పోయేది అమ్మా. దాని తర్వాత రాసింది కూడ పోయింది. మూడోది వచ్చినంక బొమ్మ పోయింది గని, ఆగి ఆగి, చుక్కలు చుక్కలు. ఇది నాలుగోది. నేను రాజమండ్రిల ఉన్నా నీ ముంగట కూసున్నట్టే కనబడత."

నాకు 'ముంగట కూసున్నట్టే' అన్న మాట ఒక్కటే సమజైంది. అదే చాలనుకున్న.

మొదటిసారి వీడియో కాల్ చేసింది... "అమ్మా, గోడకేం చూస్తున్నవే? బల్లి ఉన్నదా?"

"లేదు. నీ మాటనే ఇంటున్న."

"ఇంటున్నవ్ గని చూస్తలేవు. నేనేమన్న డైరెక్టర్‌నా, తిట్టనీకి?"

చూద్దామనే అనుకుంట. ఆ ఫోన్ కన్ను నా దిక్కు తిరిగి ఉందని యాదికొస్తే చాలు, నా చూపు జారిపోతది. నాలుగేండ్లు నా చెంపతోనే మాట్లాడింది నా బిడ్డ...

ఒకసారి ఇంటికొచ్చినప్పుడు చూపించింది. "పైన చిన్న చుక్క లెక్క ఉంది చూడు. అండ్ల చూస్తేనే నాకు నీ కండ్లు కనబడతయి."

"అట్లయితే నాకు నువ్వు కనబడవు కదనే?"

"అవు... ఇద్దరికి ఒక్కసారి కుదరది. ఫోర్‌జీకి సుత అది చాతకాదు" అని పకపక నవ్వింది.

కరోనాల మౌనికకు దమ్ము ఆడలే. దవాఖానల చేర్పించినం. లోపటికి ఎవ్వరిని పోనియ్యలే. నేను గేటు బయటనే కూసున్న. మూడో రోజు మధ్యాహ్నం ఒక నర్సమ్మ వీడియో కాల్ కలిపింది. "తొందరగా మాట్లాడండమ్మా, మాస్కు ఎక్కువసేపు తియ్యకూడదు" అన్నది.

"అమ్మా... ఇటు చూడవా?" అన్నది నా బిడ్డ.

చూసిన. ఆ చుక్కల నా కండ్లు పెట్టి, రెప్ప కొట్టకుండ చూసిన. "చూస్తున్న బిడ్డా, నిన్నే చూస్తున్న." కింద ఏదో తెల్లగ కదులుతున్నది... అదే ఆమె మొహం. కండ్లు దించితే ఆమెకు నా చూపు పోతదని దించలే.

"ఇప్పుడు చూసినవే అమ్మా..." అన్నది. జర ఆగి, "కాటుక పెట్టుకోలేదేందే?" అన్నది. నవ్వినట్టే వినబడ్డది నాకు.

కాల్ కట్ అయింది. మర్నాడు పొద్దుగాల పోయింది నా బిడ్డ. కవర్ల చుట్టి ఇచ్చిండ్రు, మొహం చూడనియ్యలే.

ఆమె నన్ను చూసింది. నేనే ఆమెను చూడలే. ఆఖరుకు నా బిడ్డ మొహం ఎట్లుండెనో నాకు తెల్వది... ఒక దినం మంచి పనే చేసిన అనుకుంట. ఇంకో దినం, ఒక్క నిమిషం కండ్లు దించితే ఏం పోయేది అని ఏడుస్త. ఇయ్యాల్టికి తెగలే నాకు.

ఇప్పుడు ఫైవ్‌జీ అంటున్నరు. ఇంకా జల్ది, ఇంకా సాఫుగ కనబడతరంట మనుషులు. వెనకట ఒకళ్లను చూడాలంటే వాళ్ల ఇంటిదాక నడిచి పోవాలె, పోయినంక కడుపునిండ చూసొచ్చేటోళ్లం. ఇప్పుడు కూరగాయలు తరుక్కుంట, టీవీ చూసుకుంట ఫోన్ల "ఆ, చెప్పు" అంటున్నం...

మీ పిల్లలు మొదటిసారి ఫోన్ల కనబడ్డ దినం ఎవరికన్న యాదికుంటే ఈ పోస్టు కింద రాయుండ్రి. ఏం మాట్లాడిండ్రో వద్దు. మొహం ఎట్లుండెనో రాయుండ్రి... నాకు చదవడం నిదానమే గని, అన్ని చదువుత.